మణికట్టుకు అందిన తాళం

మా అమ్మాయి ఆ శనివారం భోజనాల బల్ల మీద పెట్టినదాన్ని చూసి, పాత రేడియోలోంచి ఊడదీసిన ముక్క అనుకున్నాను. అరచేతిలో సగం ఉంది. ఆకుపచ్చ పలక, దాని నిండా వెండి చుక్కలు, మధ్యలో వేలిగోరంత నల్లటి బిళ్ల.

"ఇది బోర్డమ్మా. ఆ బ్లాక్‌ది ఉంది కదా, అది చిప్. వర్క్ అంతా అదే చేస్తుంది" అంది.

వేలిగోరంత దానికి అంత పనేముంటుందిలే అనుకుని, చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ ఎదురు కుర్చీలో కూర్చున్నాను. ఈస్టరు దాకా ఇక ఏ శనివారమూ ఆ కుర్చీ వదల్లేదు.

ఆ బోర్డు మా ఇంటికి రావడానికి కారణం మా ఆయన చెవులు.

మా ఆడపడుచు ఇక్కడ నర్సు. ఆవిడ వేసిన వీసా పిటిషన్ మీద మేము గుంటూరు జిల్లా నుంచి మిషిగన్ వచ్చాం. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మనవాళ్లు చాలామంది కార్ల కంపెనీల్లో కంప్యూటర్ల ముందు కూర్చుంటే, మా ఆయన మాత్రం కారు తలుపులను అచ్చు గుద్దే ప్రెస్సు దగ్గర నిలబడ్డారు. ఏనుగు కాలు వేసినట్టు పడుతుంది ఆ ప్రెస్సు రేకు మీద. చెవుల్లో బిరడాలు పెట్టుకునేవారు. అయినా ఆ మోత ఎముకల్లోంచి లోపలికి వచ్చేదట. రిటైరయ్యేసరికి ఆయన చెవులు చిత్రంగా తయారయ్యాయి. లావు శబ్దాలు అందుతాయి, సన్నవి అందవు. గరాజ్ తలుపు పడితే తెలుస్తుంది, పక్కన నిలబడి నేను పిలిస్తే తెలియదు. "అది చెవుడు కాదొదినా, పెళ్లయిన మగాళ్లందరికీ ఉండేదే" అని మా ఆడపడుచు నవ్వేది.

మా తెలుగు క్రైస్తవ సంఘంలో డోలక్ ఆయనదే. మాకు సొంత మందిరం లేదు. అమెరికన్లు వాళ్ల ఆరాధన ముగించుకుని వెళ్లాక, మధ్యాహ్నం ఆ హాలు మాకిస్తారు. మా అమ్మాయి నా కడుపులో ఉన్నప్పటి నుంచీ ఆ హాల్లో కీర్తన మొదలైందంటే మా ఆయన చేతులు డోలక్ మీద ఉండాల్సిందే. చదువుకున్నది కాదు, ఎవరూ నేర్పింది కాదు. చిన్నప్పుడు వాళ్ల ఊరి గుడిసె చర్చిలో, వాయించే పెద్దాయన ఒళ్లో కూర్చుని పట్టుకున్నారంతే.

చెవులు మందగించాక వచ్చిన చిక్కు ఏమిటంటే, తన దెబ్బ తనకి వినపడేది, పాడేవాళ్ల గొంతులు మాత్రం అందేవి కావు. పాట ఒక దారిన పోతే డోలక్ ఒక దారిన పోయేది. చెవి మిషను పెట్టుకుంటే హాలు మోతంతా కలగలిసిపోయి, "చెవిలో ఎవరో గిన్నెలు తోముతున్నట్టుందే" అని తీసి జేబులో వేసుకునేవారు.

పాటలు నడిపించే అబ్బాయి ఒకడున్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మంచి గొంతు, మంచి మర్యాద. ఆరాధన అయ్యాక ఒక ఆదివారం మా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అంకుల్, తప్పుగా అనుకోకండి. కొన్నాళ్లు రెస్ట్ తీసుకోండి. కీబోర్డ్‌లో రిథమ్ ఉంది, దాంతో మేనేజ్ చేస్తాం" అన్నాడు మెల్లగా.

"ఏంటి బాబూ?" అన్నారు మా ఆయన చెవి వంచి.

పాపం ఆ అబ్బాయి అదే మాట గట్టిగా అనాల్సి వచ్చింది. అప్పుడు అందరూ విన్నారు. కుర్చీలు సర్దుతున్నవాళ్లు కూడా ఆగారు. మా ఆయన "అట్టాగే నాయనా, అట్టాగే" అని డోలక్‌కి గుడ్డ తొడుగు తొడిగి చంకన పెట్టుకున్నారు.

తర్వాతి ఆదివారం నుంచి ఆయన వెనక వరసలో కూర్చున్నారు. కీబోర్డు తన తాళం తాను కొట్టుకునేది. ఎక్కడా తప్పు లేదు. ఈయన మాత్రం రెండు చేతులూ తొడల మీద బోర్లించి పెట్టుకుని, అవి ఎవరివో అయినట్టు చూసుకుంటూ కూర్చునేవారు. అది చూసింది మా అమ్మాయి. ఇక్కడే పుట్టింది, కార్ల లోపల ఉండే చిన్న చిన్న కంప్యూటర్లకి ప్రోగ్రాములు రాస్తుంది, వేరే అపార్ట్‌మెంట్లో ఉంటుంది. ఇంటికి వెళ్లే దారిలో కారు నడుపుతూ అంది:

"నాన్నకి బీట్ వినపడక్కర్లేదు కదమ్మా. తెలిస్తే చాలు కదా."

అంతటితో ఊరుకోలేదు. పాటల అబ్బాయికి ఫోన్ చేసి, "బ్రదర్, ఈస్టర్‌కి ముందు ప్రాక్టీస్‌లో నాన్నకి ఒక్క ఛాన్స్ ఇవ్వండి" అని అడిగింది. అతను ఒప్పుకున్నాడు. కుదిరితే ఈస్టరుకి డోలక్ అంకుల్‌దే, కుదరకపోతే మాత్రం మళ్లీ అడగొద్దు, తనకీ బాధగా ఉంటుంది అన్నాడు. ఆ మాట మా ఆయనకి చెప్పాం. కాసేపటికి గదిలోకి వెళ్లి డోలక్ తాళ్లు బిగిస్తూ కనిపించారు.

మా అమ్మాయి ఆలోచన ఇది. ఫోను జేబులో వణుకుతుంది చూడండి, అలా వణికే మోటారు ఒకటి పట్టీకి కుట్టి నాన్న మణికట్టుకి కట్టడం. పాట తాళం ఎక్కడ పడాలో అక్కడ అది ఒక్కసారి వణుకుతుంది. ఎప్పుడు వణకాలో చెప్పేది బోర్డు.

"అదెట్టా చెబుతుంది? దానికేమన్నా పాట వచ్చా?" అన్నాను.

"పాట రాదు. టైం వచ్చు" అంది. "చిప్ లోపల టైమర్ ఉంటుంది. అది ఊరికే కౌంట్ చేస్తూ ఉంటుంది. చిప్ వేరే పని చేసుకుంటుంది. కౌంట్ ఫుల్ అవగానే టైమర్ వచ్చి చిప్‌ని ఇలా టాప్ చేస్తుంది." నా భుజం మీద వేలితో తట్టింది. "అప్పుడు చిప్ చేసే పని అక్కడే ఆపేసి, టైమర్ పని చూసి, మళ్లీ ఎక్కడ ఆపిందో అక్కడికే వెళ్తుంది. దాన్ని ఇంటరప్ట్ అంటారు."

"ఎక్కడ ఆపిందో గుర్తుంటుందా దానికి?"

"ఎగ్జాక్ట్‌గా."

"ఎంతసేపటికోసారి తడుతుంది?"

"సెకండ్‌కి థౌజండ్ టైమ్స్ పెట్టాను."

నా చేతిలో ఈనె సగంలో ఆగిపోయింది. పొయ్యి మీద పులుసు పెట్టి, ఫోనొస్తే హాల్లోకి వెళ్లి, తిరిగి వచ్చాక ఉప్పు వేశానో లేదో నాలుక మీద వేసుకుని చూసుకునేవాళ్లం మనం. ఇదేమో సెకను తిరిగేలోపు వెయ్యిసార్లు పని ఆపి, వెయ్యిసార్లూ వదిలిన చోటికే వస్తుందట, విసుగూ లేదు, మరుపూ లేదు. పుట్టించిన దేవుణ్ణి చూసి ఆశ్చర్యపడటం మనకి అలవాటే. ఆయన చేసిన మనిషి ఇసుకని కరిగించి ఇలాంటిది చేశాడంటే ఎవరిని చూసి ఆశ్చర్యపడాలో నాకు తోచలేదు. ఆ నల్లబిళ్ల దగ్గరగా మాట్లాడాల్సి వస్తే అప్పటి నుంచీ గొంతు తగ్గించేదాన్ని. పని చేసుకుంటోంది కదా పాపం అని.

అంత గొప్పదీ మొదటిరోజు మొరాయించింది. పట్టీ ఒక్కసారి వణికింది, ఆగిపోయింది. బోర్డు మీద మిణుకుమిణుకుమనే ఆకుపచ్చ దీపం కూడా వెలిగినది వెలిగినట్టే బిగుసుకుపోయింది.

"చచ్చిపోయిందా?" అన్నాను.

"లేదమ్మా. బిజీగా ఉంది. చాలా బిజీగా ఉంది" అంది లాప్‌టాప్‌లోకి చూస్తూ.

అన్నం తిని వచ్చాక గానీ తప్పు దొరకలేదు. టైమరు పిలిచినప్పుడు లోపల ఒక జెండా లేస్తుందట. చిప్పు వచ్చి, పని చేసి, ఆ జెండా దించి వెళ్లాలి. దించమని రాయడం మా అమ్మాయి మర్చిపోయింది. చిప్పు పని ముగించి వెనక్కి తిరిగేసరికి జెండా ఇంకా పైనే ఉంది. ఇంకా పిలుస్తున్నారు కాబోలు అని మళ్లీ వెళ్లింది, మళ్లీ వెళ్లింది. సొంత పనికి రానే లేదు.

"మీ నాన్న 'ఏమే' అని పిలిచినట్టు" అన్నాను. "వచ్చానండీ అని వచ్చి ఎదురుగా నిలబడ్డా ఆయనకి వినపడదు. మళ్లీ 'ఏమే' అంటారు. ఇక నా పొయ్యి సంగతి ఎవరు చూడాలి?"

మా అమ్మాయి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. సోఫాలో ఉన్న మా ఆయన మా మొహాలు చూసి, "దేనికా నవ్వులు?" అన్నారు.

"మీ గురించే" అన్నాను గట్టిగా.

"మంచిదే. పనికొస్తున్నా."

ఒక్క వరస రాసింది మా అమ్మాయి. దీపం మళ్లీ మిణుకుమంది. పై నుంచి చూస్తే చచ్చినట్టు పడి ఉన్నది లోపల అంత పరుగులో ఉందా అని, ఆ సాయంత్రమంతా నాకు అదే ధ్యాస. మనుషుల్లోనూ అలాంటివాళ్లని చూశాను.

తర్వాతి శనివారం పట్టీ వణికింది గానీ కుంటింది. నాలుగు దెబ్బలు సరిగ్గా పడి ఐదోది ఆలస్యంగా పడేది. మా ఆయన పట్టీ కట్టుకుని బల్ల మీద వేళ్లతో వాయించి, "తాగినోడి నడకలాగుందమ్మా ఇది" అన్నారు. మా అమ్మాయి మధ్యాహ్నం దాకా తల పట్టుకుని కూర్చుని, చివరికి తనమీద తనే నవ్వుకుంది.

"అమ్మా, టైమర్ వచ్చి డోర్ కొడితే 'సరే, విన్నాను' అని వెంటనే పంపించేయాలి. వర్క్ తర్వాత చూసుకోవాలి. నేను ఏం చేశానో తెలుసా? లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, మోటర్ తిప్పడం, ఆగడం, లాప్‌టాప్‌కి మెసేజ్ పంపడం, అన్నీ అక్కడే చేయించాను. ఈలోపు వేరే టాప్స్ అన్నీ మిస్ అయిపోయాయి. ఆఫీస్‌లో ఎవరైనా ఇలా రాస్తే ఫస్ట్ నేనే తిడతాను."

"వచ్చినవాళ్లని గుమ్మంలోంచే పంపించేస్తారా ఎక్కడైనా? కాఫీ అయినా ఇవ్వకుండా?" అన్నాను.

"అందుకే కదమ్మా ఈ బగ్. నీ ఇంట్లో పెరిగాను."

ప్రోగ్రాము మార్చి రాశాక పట్టీ నడక కుదిరింది. మా ఆయన కళ్లు మూసుకుని, ఆ వణుకు మీద వేళ్లు వేస్తూ చాలాసేపు ఉండిపోయారు. మొహంలో ఏదో కడుపు నిండిన కళ. నాకు వినపడని మాట ఒకటి ఆ బోర్డు ఆయనకి చెబుతోంది, ఆయన వింటున్నారు. ఆ ఇద్దరి మధ్యకి వెళ్లబుద్ధి కాక పళ్లెం అక్కడే పెట్టేసి వచ్చాను.

ఈస్టరుకి వారం ముందు వచ్చే మట్టల ఆదివారానికి ముందురోజు హాల్లో ప్రాక్టీసు. పాటల అబ్బాయి కీబోర్డు తాళం ఆపేసి, "మీ ఇష్టం అంకుల్, మొదలెట్టండి" అన్నాడు. మా అమ్మాయి పాట వేగం ముందే కొలిచి బోర్డులో పెట్టింది. పల్లవి అందంగా వచ్చింది. మొదటి చరణం కూడా. ఆడవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని చిరునవ్వు నవ్వారు. నేను ఫోన్‌లో వీడియో తీస్తున్నాను, మా ఆడపడుచుకి పంపుదామని. రెండో చరణం దగ్గర ఎక్కడో చిన్న తేడా. మూడో చరణానికి పాట ముందు, డోలక్ వెనక. చివరి పల్లవికి రెండూ రెండు ఊళ్లు.

"మెషిన్ స్లో అయిపోతోంది సిస్టర్" అన్నాడు ఆ అబ్బాయి మా అమ్మాయితో. అతని గొంతులో కోపం లేదు, రెస్ట్ తీసుకోమన్నప్పటి మొహమాటమే ఉంది. మా ఆయన పట్టీ విప్పబోతుంటే మా అమ్మాయి ఆయన చెయ్యి పట్టుకుంది.

"బ్రదర్, ఈస్టర్ రోజు ఫస్ట్ సాంగ్ ఒక్కటి ఇవ్వండి. ప్లీజ్."

అతను కీబోర్డు తాళం బటను మీద వేలు పెట్టి చూపించాడు. "సరే. నా చెయ్యి బటన్ మీదే ఉంటుంది. తేడా వస్తే రిథమ్ ఆన్ చేసేస్తాను. ఇంక ఆ తర్వాత అడక్కండి" అన్నాడు.

ఆ వారం మా అమ్మాయి ఆఫీసు నుంచి నేరుగా మా ఇంటికే వచ్చేది. వస్తూ వస్తూ మేనేజరుని అడిగి ఒక పెట్టె తెచ్చింది. దాని మొహం మీద చిన్న తెర. బోర్డు నుంచి ఒక తీగ దానికి తగిలిస్తే, లోపల జరిగేదంతా గీతగా కనిపిస్తుంది. ఆ తెర మీద తాళాన్ని కళ్లతో చూశాను. చదునుగా ఒక గీత, నిలువుగా ఒక పన్ను, మళ్లీ చదును, మళ్లీ పన్ను. కొత్త దువ్వెన పళ్లు కూడా అంత సమంగా ఉండవు. పుట్టిన దగ్గర్నుంచీ చేతులతో కొట్టిన తాళానికి ఒక రూపం ఉంటుందని, అది ఇంత ప్రశాంతంగా ఉంటుందని నాకేం తెలుసు.

మా అమ్మాయి మొహం మాత్రం మాడిపోయింది. "టైమర్ పర్ఫెక్ట్‌గా ఉందమ్మా. ఒక్క దెబ్బ కూడా లేట్ లేదు. మరి ఎందుకు స్లో అయింది?" అంది. పాట ఎంతసేపుంటుందో అంతసేపూ చూసింది. రెండు పాటలంతసేపు చూసింది. పళ్లు పళ్లలాగే ఉన్నాయి.

మా ఆయన అప్పుడు వణుకుతున్న పట్టీ చేతికే ఉంచుకుని, ఏమీ తోచక నా ఫోన్‌లో ప్రాక్టీసు వీడియో చూస్తున్నారు. ఆయనకి శబ్దంతో పని లేదు కదా, ఊరికే బొమ్మ. చూసి, వెనక్కి తిప్పి, మళ్లీ చూశారు.

"అమ్మా, ఇటు రా. నా చేతి మీద ఇది పడ్డప్పుడు చూడు, ఈ ఆడోళ్ల చేతులు కూడా అప్పుడే కలుస్తన్నాయి, చూశావా. ఇప్పుడు ఇక్కడ చూడు. ఇది ఇంకా పడలేదు, ఆళ్ల చప్పట్లు అయిపోయినయ్."

మా అమ్మాయి ఆయన మణికట్టు మీద వేలు పెట్టి, ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసింది.

"పాట ఫాస్ట్ అవుతోందా?" అంది గట్టిగా.

"అవుద్ది. పల్లవి తిరిగొచ్చినప్పుడల్లా కాస్త ఊపు ఎక్కుద్ది. మన పాటలు ఎప్పుడూ అంతేగా."

"ఎవరు చెప్తారు ఫాస్ట్ చేయమని?"

"ఎవరూ చెప్పరు."

"మరి నీకు ఎలా తెలిసేది నాన్నా?"

"ఆళ్లు పెంచుతారు, నేను పెంచుతా."

"ఫస్ట్ ఎవరు?" అని ఫోన్ ఆయన మొహం ముందు పెట్టి, మాట పెదవుల మీద స్పష్టంగా పలికింది.

ఆయన ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు. "తెలీదమ్మా" అన్నారు.

మా అమ్మాయి స్కూల్లో బ్యాండులో క్లారినెట్ వాయించింది. అక్కడ ప్రతి పాటకీ కాగితం మీద ఒక వేగం రాసి ఉంటుంది, టీచరు పక్కన గడియారం టక్‌టక్‌మంటుంటే దానికి కట్టుబడి వాయించాలి. మా హాల్లో పుట్టి పెరిగినా, మన పాటకి కూడా అలాంటిదే ఒక అంకె ఉంటుందనుకుని పల్లవి దగ్గర కొలిచి పెట్టేసింది. పోనీ నాకు తెలుసా అంటే, ఇన్నేళ్లూ చప్పట్లు కొడుతున్న నాకూ తెలియదు. ఊపిరి తీసుకోవడం ఎవరికైనా తెలుస్తుందా? అంతమంది మనుషులు, ఒకరికొకరు చెప్పుకోకుండా, ఒకే చోట ఒకేసారి వేగం పెంచుతున్నారు. ఆ చిప్పుని చూసి ఎంత విస్తుపోయానో, మా సంఘంలో ఆడవాళ్ల చేతుల్ని ఆ వీడియోలో చూసి అంత విస్తుపోయాను.

"ఓకే" అంది మా అమ్మాయి. "టైమర్ కూడా ఎవరి మాటైనా వినాలి. అమ్మా, నీ మాట."

"నాదా?"

"నువ్వు ఆడవాళ్ల వరసలో కూర్చుని బటన్ నొక్కు. పాట ఎలా వెళ్తే అలా. నువ్వు నొక్కిన ప్రతిసారీ చిప్ పని ఆపి టైం చూసుకుంటుంది. పోయిన నొక్కుకీ ఈ నొక్కుకీ ఎంత గ్యాప్ ఉందో చూసి, నెక్స్ట్ దెబ్బ ఎక్కడ వేయాలో టైమర్‌కి చెప్తుంది."

నేను తప్పితే ఆయన తప్పుతారు. ఈసారి సంఘమంతా చూస్తుండగా. "వేరే ఎవరికన్నా ఇవ్వమ్మా" అన్నాను. "నాన్నతో ఇన్ని ఇయర్స్ పాడింది ఎవరు?" అంది, అంతే. అగ్గిపెట్టెలాంటి డబ్బా, దాని మీద ఎర్రటి బటను. తీగ లేదు.

మొదటిసారి నొక్కాను. మా ఆయన ఎగిరిపడ్డారు. "ఏందే, చీమలు కుట్టినట్టు గబగబా నాలుగైదు వేశావు?"

"ఒక్కసారే నొక్కానండీ."

మళ్లీ నొక్కినా అంతే. నా చెయ్యి వణుకుతోందేమో అనుకున్నాను, చెప్పడానికి సిగ్గేసింది. మా అమ్మాయి ఆ తెరపెట్టె తీగని బటనుకి తగిలించి, "నొక్కమ్మా" అంది. నొక్కాను. గీత పైకి లేచే చోట నిటారుగా లేవలేదు. నేల మీద బంతి వేస్తే ఎగిరి ఎగిరి ఆగుతుందే, అలా పైకీ కిందకీ నాలుగైదుసార్లు కొట్టుకుని అప్పుడు నిలబడింది.

"నీ చెయ్యి కాదమ్మా. బటన్ లోపల రేకు. ఎవరు నొక్కినా ఇలాగే బౌన్స్ అవుతుంది. మనకి ఒక్కసారే అనిపిస్తుంది. చిప్‌కి అన్నీ కనిపిస్తాయి, అన్నిసార్లూ పరిగెత్తుకు వెళ్తుంది."

నేను ఆ గీతని చూస్తూ ఉండిపోయాను. నా బొటనవేలి కింద, నాకు ఒక్క క్షణంలో వందో వంతు కూడా అనిపించని చోట, ఇంత జరిగిందా? తలుపు గడియ వేసినప్పుడూ, మూత పెట్టినప్పుడూ, గాజు గాజుకి తగిలినప్పుడూ ఇలాగే జరుగుతూ ఉంటుందన్నమాట. మనం ఒక్కటి అనుకున్నవేవీ ఒక్కటి కావు. చదువుకున్నవాళ్లకి ఇది చిన్న సంగతేమో, వాళ్లు రోజూ చూస్తారు. నాకు మాత్రం కొండ మీదకి ఎక్కించి లోకం చూపించినట్టుంది. "ఇంకోసారి చూపించు" అని చిన్నపిల్లలా అడిగి అడిగి నొక్కాను.

దానికి మందు కూడా టైమరే. మొదటి తాకిడి తీసుకుని, గీత కుదురుకునేదాకా ఇంకేదీ పట్టించుకోవద్దని రాసింది. ఇప్పుడు నేను ఒకసారి నొక్కితే ఆయనకి ఒకసారే అందింది.

వంటింట్లో పప్పు తాలింపు వేస్తూ నేను పాడుతూ నొక్కితే, హాల్లో అటు తిరిగి కూర్చుని ఆయన డోలక్ మీద వేసేవారు. గోడ అడ్డం, ఆ చెవులు అడ్డం. అయినా దెబ్బ నా నోటి మాట మీదే వచ్చి పడేది. కావాలని వేగం పెంచితే పెంచేవారు, తగ్గిస్తే తగ్గేవారు.

"పెళ్లయిన దగ్గర్నుంచీ నా మాట మీ దాకా రావడం ఇదే మొదలు" అన్నాను ఎదురుగా వెళ్లి.

"అందుకే దేవుడు చెవులు తీసేసి చేతికి పెట్టాడు" అన్నారు.

ఈస్టరు రోజు మేము వెళ్లేసరికి హాలంతా అమెరికన్లు పొద్దున పెట్టి వెళ్లిన తెల్ల లిల్లీ పువ్వుల వాసన. మా ఆడవాళ్లు తెల్లచీరల్లో, పిల్లలు ముందు వరసలో తోసుకుంటూ. మా ఆయన తెల్లచొక్కా చేతుల బొత్తాలు పెట్టుకున్నారు, పట్టీ కనపడకుండా. బోర్డు నడుముకి కట్టిన చిన్న సంచిలో ఉంది. పాటల అబ్బాయి కీబోర్డు దగ్గర నిలబడి మా వైపు చూసి తల ఊపాడు. అతని ఎడమచెయ్యి తాళం బటను మీద ఉంది, చెప్పినట్టే. మా అమ్మాయి గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడింది.

పాట ఎత్తుకున్నారు. అరచేతిలో డబ్బా పెట్టుకుని బొటనవేలు ఆనించాను. మొదటి నొక్కు నొక్కాను. డోలక్ పలికింది. పల్లవి, చరణం, పల్లవి. రెండో చరణం దగ్గర అందరి చప్పట్లూ కాస్త ముందుకి జరిగాయి. ఇప్పుడు తెలుసు కనుక నాకు కనిపించింది. చెట్టు మీది పిట్టలన్నీ ఒకేసారి లేచినట్టు. నా వేలు వాళ్లతో వెళ్లింది. డోలక్ నా వేలితో వచ్చింది. కీబోర్డు మీది చెయ్యి అక్కడే ఉంది.

మూడో చరణం పోయినసారి విరిగిన చోటు. కళ్లు మూసుకున్నాను. దాటింది. చివరి పల్లవికి హాలంతా లేచి నిలబడింది, పిల్లలు గెంతుతున్నారు, పాట పరుగెత్తుతోంది. అక్కడ ఎక్కడో నాకొక సంగతి తట్టింది. నేను నొక్కడం వల్ల ఆయన వాయిస్తున్నారా, ఆయన వాయించడం వల్ల నేను నొక్కుతున్నానా, నాకు తెలియడం లేదు. ఆయన దెబ్బ వస్తోంది, చప్పట్లు వస్తున్నాయి, నా వేలు వస్తోంది, ఆ సంచిలో చిప్పు వేల వేలసార్లు పని ఆపి వెళ్లి వదిలిన చోటికి వస్తోంది. ఎవరు ఎవరిని లాగుతున్నారో ఆ సమయంలో దేవుడు ఒక్కడికే తెలియాలి. కళ్లు తెరిచి చూస్తే పాటల అబ్బాయి రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొడుతున్నాడు.

ఆ రోజు ఒక్క పాట కాదు, అన్ని పాటలూ ఆయనే వాయించారు. నా బొటనవేలు వాచింది.

ఆరాధన అయ్యాక, బిర్యానీ పళ్లేలు పంచుతుండగా ఆ అబ్బాయి మా దగ్గరికి వచ్చాడు. పొగడలేదు, మిషను గురించి అడగలేదు. తప్పయిందని చెప్పుకోవడం లాంటివేమీ లేవు.

"అంకుల్, వచ్చే ఆదివారం కొంచెం ముందు రండి. కొత్త పాట నేర్పిస్తున్నాం" అన్నాడు.

మా ఆయనకి పెదవులు కదలడం కనిపించింది గానీ మాట అందలేదు. నా వైపు తిరిగారు.

"ఏమంటన్నాడే?"

"కొత్త పాటుందట. ముందు రమ్మంటున్నాడు."

ఆయన పళ్లెం నా చేతికి ఇచ్చి, డోలక్ తొడుగు తొడుగుతూ, "ముందంటే ఎన్నింటికో సరిగ్గా కనుక్కో" అన్నారు.